పాత రివాల్వర్‌కి మారు సిలిండర్

సిలిండర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది గ్యాస్ బండే. ఈ వ్యాసం ఆ సిలిండర్ గురించి కాదు. రివాల్వర్ మధ్యలో గుండ్రంగా తిరిగే ఆరు గదుల ఉక్కు దిమ్మ గురించి. వంటలు, పిల్లల చదువులు, పండగల మధ్య ఇదేం విషయమని అనిపించొచ్చు. కానీ అమెరికాలో, ముఖ్యంగా మేముండే టెక్సస్‌లో, మన తెలుగువాళ్లలో కూడా సరదాకి షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లు, ఇంట్లో తుపాకీ ఉంచుకునేవాళ్లు ఉన్నారు. వస్తువు ఇంట్లోకి వచ్చాక అది మగవాళ్ల వ్యవహారం అని ఊరుకోవడం కుదరదు. ఆ ఇంట్లో మన పిల్లలు తిరుగుతారు.

ముందుగా ఒక ముఖ్యమైన మాట. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి మనకు వర్తిస్తాయో లేదో లాయరు చెప్పాలి, స్నేహితులు కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. మాకు గ్రీన్ కార్డులు వచ్చాకే మావారు ఈ సరదా మొదలుపెట్టారు.

ఆయనకు చిన్నప్పటి నుంచి కౌబాయ్ సినిమాలంటే ప్రాణం. ఆ సినిమాల్లో హీరో బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగి పేలుస్తాడే, దాన్నే సింగిల్ యాక్షన్ రివాల్వర్ అంటారు. ప్రతి తూటాకీ హ్యామర్‌ని చేత్తో లాగాల్సిందే. ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, లాగిన హ్యామర్‌ని వదిలేయడం. 1873లో కోల్ట్ కంపెనీ అమెరికా సైన్యం కోసం చేసిన రివాల్వర్ వీటన్నిటికీ పెద్దన్న. 1940ల మొదట్లో కోల్ట్ వాటి తయారీ ఆపేసింది. 1950లలో టీవీలో కౌబాయ్ కథలకు గిరాకీ పెరిగింది. ఆ రోజుల్లోనే, 1953లో, రూగర్ కంపెనీ సింగిల్ సిక్స్ అనే చిన్న రివాల్వర్‌ని తెచ్చింది. మావారు కొన్నది అలాంటి పాత సింగిల్ సిక్స్ ఒకటి.

ఈ రివాల్వర్లలో కొన్నిటిని రెండు సిలిండర్లతో అమ్మేవారు. ఒకటి .22 లాంగ్ రైఫిల్ తూటాకి, రెండోది .22 మాగ్నమ్‌కి. రెంటికీ పేరులో 22 ఉంది కదా, తేడా ఏముందిలే అనుకోకండి. లాంగ్ రైఫిల్ తూటా ఇత్తడి గొట్టం వ్యాసం దాదాపు 5.7 మిల్లీమీటర్లు, మాగ్నమ్‌ది దాదాపు 6.1. పొడవు కూడా ఎక్కువే. అందుకే మాగ్నమ్ తూటా చిన్న గదిలో పట్టదు. చిన్న తూటా మాత్రం మాగ్నమ్ గదిలో వదులుగా దూరిపోతుంది. అసలు ప్రమాదం ఇదే. పేలినప్పుడు ఆ పల్చని ఇత్తడికి చుట్టూ ఆనుకోవడానికి గోడ ఉండదు. ఉబ్బి చీలిపోతుంది, వేడి గ్యాసు వెనక్కి తన్నే అవకాశం ఉంది. అందుకని సిలిండర్ ఏదో, అందులో పెట్టే తూటా ఏదో ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

రెండో సిలిండర్‌ని చిన్న సంచిలో వేసి విడిగా దాచేవారు. తాతగారి సామాన్లు అమ్మేసేటప్పుడు ఆ సంచి ఏ సొరుగులోనో ఉండిపోతుంది. మాకు వచ్చిన రివాల్వర్‌కీ ఒక్క సిలిండరే ఉంది. మావారు రెండోదాని కోసం వెతకడం మొదలుపెట్టారు. ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరు ఉన్న ఫ్రేమే. సిలిండర్ విడిభాగం మాత్రమే కాబట్టి అది గన్ షోల్లో బల్లల మీద దొరుకుతుంది. అలా ఓ శనివారం ఒకటి పట్టుకొచ్చారు. బేస్ పిన్ లాగి, ఉన్న సిలిండర్ తీసి, తెచ్చినది పెట్టారు. కూర్చుంది. వేలితో తిప్పితే తిరిగింది.

"చూశావా, అచ్చు దీనికోసమే చేసినట్టుంది!" అన్నారు.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. దాని మీద సన్నగా గీసిన మూడు అంకెలు కనిపించాయి. మా రివాల్వర్ సీరియల్ నంబరులో చివరి మూడు అంకెలతో అవి కలవలేదు. రెండు సిలిండర్లతో అమ్మినప్పుడు, ఏది ఏ రివాల్వర్‌దో కలగాపులగం కాకుండా ఫ్యాక్టరీలో అలా గీసేవారట. అంటే ఇది ఇంకెవరి రివాల్వర్‌కో సరిచేసిన భాగం. "మిక్సీ జారు కూడా వేరే మిక్సీ మీద కూర్చుంటుందండీ. స్విచ్ వేస్తే కదా సంగతి తెలిసేది" అన్నాను. ఆయన నవ్వారు గానీ, గన్‌స్మిత్‌కి చూపించకుండా ఒక్క తూటా కూడా పెట్టకూడదన్న నా షరతుకి ఒప్పుకున్నారు.

ఆ గన్‌స్మిత్ పెద్దాయన. బీఎస్సీలో ఫిజిక్స్ చదివానని చెబితే, ప్రతి కొలతా నాకు చూపిస్తూ పని చేశారు. ఆయన చూసినవి నాలుగు విషయాలు.

మొదటిది, సిలిండర్ ఆగే చోటు. హ్యామర్‌ని లాగుతుంటే హ్యాండ్ అనే చిన్న ఉక్కు పుల్ల సిలిండర్ వెనకాల ఉన్న పళ్లను నెడుతుంది. ఆరు గదులు కాబట్టి ప్రతిసారీ 60 డిగ్రీలు తిరగాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చే సమయానికి కింద నుంచి బోల్ట్ అనే ముక్క లేచి సిలిండర్ అంచున ఉన్న గాడిలో పడి, దాన్ని కదలకుండా పట్టుకోవాలి. ముందే లేస్తే సిలిండర్ మీద గీతలు పడతాయి. హ్యామర్ పూర్తిగా వచ్చినా బోల్ట్ గాడిలో పడకపోతే ఆ గది బ్యారెల్‌కి ఎదురుగా లేనట్టే.

రెండోది, గదికీ బ్యారెల్‌కీ వరస. సిలిండర్ మధ్య నుంచి గది మధ్యకు ఒక సెంటీమీటరు దూరం అనుకుందాం. అప్పుడు ఒక్క డిగ్రీ తేడా వచ్చినా గది 0.17 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. కంటికి కనిపించదు, కానీ సీసపు గుండు బ్యారెల్ అంచుని రాసుకుంటూ వెళుతుంది. చిన్న చిన్న తునకలు పక్కకు చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాళ్లకు తగులుతాయి. దీన్ని చూడటానికి ఆయన ఖాళీ రివాల్వర్ బ్యారెల్‌లోకి కొలిచి చేసిన సన్నటి కడ్డీ ఒకటి దించి, ఒక్కో గదిలోకి తగలకుండా దిగుతోందో లేదో పరీక్షించారు.

మూడోది, సిలిండర్ ముందు భాగానికీ బ్యారెల్‌కీ మధ్య సందు. సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే ఒకటి రెండు కాగితాల మందం. ఎక్కువైతే గ్యాసు పక్కలకు పోతుంది. మరీ తక్కువైతే మసి పట్టాక సిలిండర్ బిగుసుకుపోతుంది.

నాలుగోది, వెనక వైపు సందు. ఈ తూటాల అడుగున చిన్న అంచు ఉంటుంది, మందు రాజుకునేది అక్కడే. ఆ అంచు సిలిండర్‌కీ వెనక ఫ్రేమ్‌కీ మధ్య ఒదగాలి. చోటు ఎక్కువైతే దెబ్బ సరిగ్గా పడక తూటా పేలకపోవచ్చు, లేదా ఆధారం లేని అంచు ఉబ్బిపోవచ్చు. తక్కువైతే సిలిండర్ తిరగదు.

మావారు తెచ్చిన సిలిండర్ మూడు, నాలుగు పరీక్షలు దాటింది. మొదటిదాంట్లో తప్పింది. ఆరు గదుల్లో రెండిటికి హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా బోల్ట్ గాడిలో పడలేదు. వెనకాల పళ్లు వేరే రివాల్వర్ హ్యాండ్‌కి తగ్గట్టు అరిగి ఉన్నాయి. "ఎక్కువైన లోహాన్ని ఆకురాయితో తీయగలను, తక్కువైనదాన్ని ఎక్కడి నుంచి తేను?" అన్నారాయన. మరి హ్యాండ్‌నే పొడుగ్గా మారిస్తే? అదే అడిగాను. అలా చేస్తే ఇప్పుడు సరిగ్గా ఉన్న మొదటి సిలిండర్ పాడవుతుందన్నారు. రెండు సిలిండర్లూ పంచుకునే రివాల్వర్ ఒక్కటే కాబట్టి, సర్దుబాటంతా కొత్తగా వచ్చే సిలిండర్‌లోనే జరగాలి, ఉన్న రివాల్వర్‌లో కాదు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం తెలిసినట్టే.

కొన్ని నెలల తర్వాత ఆయన ద్వారానే పళ్లు పెద్దగా అరగని ఇంకో సిలిండర్ దొరికింది. ఆయన పళ్లను ఒక్కొక్కటే సరిచేస్తూ, ప్రతిసారీ ఆరు గదులూ తిప్పి చూస్తూ అమర్చారు. అమర్చిన కూలీ సిలిండర్ ధరకి తక్కువేం కాలేదు. కొనేముందే ఆ లెక్క వేసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది వెతుకుతుంటే ఇవి అడగండి. రివాల్వర్ ఏ సంవత్సరానిది? .22 మాగ్నమ్ తూటా 1959లో వచ్చింది. అంతకుముందు చేసిన బ్యారెల్ ఆ గుండు కోసం చేసింది కాదు. రూగర్ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరుని బట్టి సంవత్సరం తెలుసుకోవచ్చు. రూగర్ 1973లో లోపలి పనితీరునే మార్చేసింది, కాబట్టి కొత్త మోడల్ సిలిండర్ పాతదాంట్లో నేరుగా సరిపోతుందన్న మాట నమ్మకూడదు. కోల్ట్‌లోనూ అంతే. 1940లకు ముందువి, 1956 తర్వాతవి, 1976 తర్వాతవి పైకి ఒకేలా ఉన్నా భాగాల్లో తేడాలున్నాయి. పైగా కోల్ట్ తన పాత రివాల్వర్లకు కొత్త రకం పొగలేని మందు వాడొచ్చని హామీ ఇచ్చింది 1900 నుంచే. అంతకుముందు ఫ్రేమ్‌లో కొత్త సిలిండర్ పెట్టినంత మాత్రాన ఆ ఫ్రేమ్‌కి కొత్త బలం రాదు.

పాత రూగర్ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. 1973కి ముందువాటిలో హ్యామర్ దించి ఉన్నప్పుడు దాని కింద తూటా ఉంటే, రివాల్వర్ చెయ్యి జారి కింద పడ్డా పేలొచ్చు. అందుకే ఆరు గదులున్నా ఐదు తూటాలే పెట్టి, హ్యామర్‌ని ఖాళీ గది మీద దించుతారు. ఆ పాత రివాల్వర్‌ని పంపితే రూగర్ కంపెనీ ట్రాన్స్‌ఫర్ బార్ అనే రక్షణ భాగాన్ని ఉచితంగా అమర్చి, తీసిన పాత భాగాలను కూడా తిరిగి పంపుతుంది. పాత వస్తువు విలువ తగ్గుతుందని కొందరు ఒప్పుకోరు. మావారూ రెండు రోజులు ఆలోచించారు. రెండో తరగతి చదివే మా పాప ఫోటో ఫ్రిజ్ మీద ఉంది, అటు చూడమన్నాను. పంపించారు. అది అమర్చి వచ్చాక రెండు సిలిండర్లనూ పెట్టి గన్‌స్మిత్‌తో మళ్లీ పరీక్ష చేయించాం. లోపలి భాగాలు మారినప్పుడు పాత కొలతలు పనికిరావు.

మారు సిలిండర్ల వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. సిలిండర్ తీసేసిన రివాల్వర్ పేలదు. ముందు గదులన్నీ ఖాళీ అని కళ్లతో చూసుకుని, ఆ తర్వాత పిన్ లాగితే తీయడం నిమిషం పని. మా ఇంట్లో రివాల్వర్ ఒక తాళం పెట్టెలో, సిలిండర్లు రెండూ ఇంకో పెట్టెలో, తూటాలు మూడోదాంట్లో ఉంటాయి. తాళం కొనాలని లేకపోతే, ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే కార్యక్రమం కింద చాలా ఊళ్లలో పోలీసులు కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు. మా ఊళ్లో స్టేషన్‌కి వెళ్లి అడిగితే పేరు కూడా అడగకుండా ఇచ్చారు. మూడు పెట్టెల్లో రెండిటి తాళంచెవులు మావారి దగ్గర, సిలిండర్ల పెట్టెది నా దగ్గర ఉంటాయి. ఆయన రేంజ్‌కి వెళ్లాలంటే నన్ను అడగాలి.