రింగ్ రోడ్డుపై మా ఆదివారాలు

సైకిలుకు మోటారు బిగించుకోవడమంటే, వండి వడ్డించిన అన్నాన్ని నమిలిపెట్టడానికి కూడా ఒక మనిషిని కుదుర్చుకోవడం వంటిదని ఒకప్పుడు మేము గట్టిగా వాదించినవారమే. అనకాపల్లిలో గంటకింత అని అద్దెకు తెచ్చిన సైకిలు కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న తరం మాది. మోకాళ్లు చెక్కుకుపోకుండా వచ్చిన విద్య విద్యే కాదని మా నమ్మకం. ఆ నమ్మకం సూరత్ రింగ్ రోడ్డు మీద, ఉధనా దర్వాజా దగ్గరి ఒక టీ బండి ఎదుట ఎలా సడలిపోయిందో మన పత్రిక పాఠకులకు విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హజీరాలోని మన సంస్థ విభాగానికి బదిలీపై వచ్చిన కొత్తలో, తపతీ తీరాన తెలుగు వినబడుతుందని మేము ఊహించలేదు. కాని లింబాయత్ వైపు వెళ్తే వీధులకు వీధులే తెలుగువి. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు ప్రాంతాల నుండి తరలివచ్చిన పద్మశాలీలు అక్కడ మరమగ్గాల చప్పుడు మధ్య సంసారాలు నిలుపుకున్నారు. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతున్నదంటే వారి సంఖ్యను పాఠకులే ఊహించుకోవచ్చు. అటువంటి ఒక మగ్గాల యజమానితో మాకు రైలు ప్రయాణంలో స్నేహం కుదిరింది. మా లెక్కల విభాగంలో పనిచేసే గుంటూరు మిత్రుడు మూడవవాడుగా చేరాడు. 2009 నుండి ప్రతి ఆదివారం తెల్లవారుజామున ముగ్గురమూ ఉధనా దర్వాజా దగ్గర కలుసుకొని, మామూలు సైకిళ్లపై రింగ్ రోడ్డు చుట్టివచ్చి, వేడి లోచో తిని ఇళ్లకు చేరేవారము.

ఆదివారమే ఎందుకంటే, ఆ రోజు రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లకు సెలవు. మిగిలిన రోజుల్లో ఆ రోడ్డుపై సైకిలు తొక్కడం సాహసమే అవుతుంది. చీరల మూటలతో టెంపోలు, టాకాలు పేర్చిన తోపుడు బండ్లు, వాటి మధ్య ఆటోలు, వాటి మధ్య మనుషులు. ఆదివారం ఉదయం మాత్రం అదే రోడ్డు పెళ్లివారు వెళ్లిపోయిన విడిదిల్లులా ఉంటుంది.

పదేళ్లు అలా గడిచాయి. 2019లో మగ్గాల మిత్రుని కుడి మోకాలు అరిగిందని వైద్యులు తేల్చారు. తొక్కడం మానవద్దు గాని మోకాలిపై బరువు పడనీయవద్దని సలహా. సూరత్‌లో కొండలు లేవు. ఉన్న ఎత్తులన్నీ ఫ్లైఓవర్లు, తపతిపై వంతెనలు. అంటే మనుషులు కట్టుకున్న కొండలే. ఆ కొండలే అతనికి అడ్డమైనాయి. మొదట మేము వేగం తగ్గించాము. దానిని అతను గ్రహించాడు. "నా కోసం మీరు నత్తల లెక్క నడుసుడేంది అన్నా? మీరు పోయిరాండ్రి, నేనీడ కూసుంటా" అని టీ బండి దగ్గర బల్లపై కూర్చున్నాడు. కొన్నాళ్లు మేము తిరిగివచ్చేదాకా అలాగే కూర్చునేవాడు. తరువాత ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఆ తరువాత రావడమే మానేశాడు. ఫోను చేస్తే మగ్గం పాడైందనో, చుట్టాలు వచ్చారనో చెప్పేవాడు. ప్రతి ఆదివారమూ మగ్గం పాడవుతుందా? మాకు తెలుసు, మాకు తెలుసునని అతనికీ తెలుసు. స్నేహితుల మధ్య ఇటువంటి మర్యాద అబద్ధాలు చేసే చేటు అంతా ఇంతా కాదు.

అలా రెండేళ్లకు పైగా గడిచాక, 2022 శీతాకాలంలో ఒక ఆదివారం అతను టీ బండి దగ్గర మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. పక్కన నల్లని సైకిలు, దాని కడ్డీలో ఇమిడిన బ్యాటరీ. ఉద్యోగంలో చేరిన కూతురు కొనిచ్చిందట. "సైకిలా, మోటారు బండా?" అని గుంటూరు మిత్రుడు అడిగితే, "తొక్కితే సైకిలు, తొక్కకపోతే నీ ఇష్టం" అన్నాడు. నవ్వాము గాని, అతని ముఖంలోని బెరుకును మేము గమనించకపోలేదు. మేము వెక్కిరిస్తే ఆ సైకిలు మరునాటి నుండి బయటికి రాదు. మా వాదనను ఆ పూటకు టీతో పాటు మింగివేశాము.

ఇంతకూ ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. కర్మాగారంలో పనిచేసేవారికి యంత్రం ఎలా నడుస్తుందో తెలియనిదే మనసు కుదుటపడదు కదా. వెనుక చక్రం నడిమధ్యన చిన్న మోటారు ఉంటుంది. తొక్కుడు మొదలైనట్టు పెడల్ దగ్గరి సెన్సారు తెలియజేయగానే మోటారు తన వంతు బలం కలుపుతుంది. ఎంత కలపాలో హ్యాండిలుపై మీటతో మనమే నిర్ణయించుకోవచ్చు. బ్రేకు పట్టగానే మోటారుకు విద్యుత్తు ఆగిపోతుంది. బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్-గంటలు. అంటే 360 వాట్-గంటలు, ఒక యూనిట్‌లో మూడవ వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇంట్లో నాలుగైదు గంటలు చార్జింగు పెడితే చాలు, ఖర్చు రెండు మూడు రూపాయలు. మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్లకూ, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకూ లోబడి, ఆమోదం పొందిన ఇటువంటి వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. కనుక రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. హెల్మెట్ మాత్రం తల ఉన్నవారందరికీ అవసరమే.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనుక చక్రంలోనే మోటారు గల బ్యాటరీ సైకిలుకు 1895 డిసెంబరు 31న పేటెంటు పొందాడు. తొక్కే బలానికి తగినట్టు మోటారు సాయం చేసే సైకిలును జపానులో యమహా సంస్థ 1993లో అమ్మకానికి తెచ్చింది. లిథియం-అయాన్ బ్యాటరీ 1991లో మార్కెట్టులోకి వచ్చి క్రమంగా బరువు తగ్గించింది. ఆ బ్యాటరీ రూపకల్పనకు బాటవేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. 2019 అంటే మా మిత్రుని మోకాలు మొరాయించిన సంవత్సరమే.

ఆనాడు ముగ్గురమూ చాలా కాలానికి కలిసి బయలుదేరాము. అఠ్వా గేట్, మజూరా గేట్, ఉధనా దర్వాజా, మాన్ దర్వాజా, సహారా దర్వాజా: రింగ్ రోడ్డు పొడవునా గుమ్మాల పేర్లే గాని గుమ్మాలు కనబడవు. 1664లోనూ 1670లోనూ శివాజీ సేనలు సూరత్‌ను కొల్లగొట్టిన పిదప నగరానికి ఇటుక గోడ లేచింది. ఊరు దానిని దాటి పెరిగితే పద్దెనిమిదవ శతాబ్దంలో దాని వెలుపల మరొక గోడ కట్టారు. ఆ వెలుపలి గోడ ద్వారాల పేర్లే నేటి కూడళ్ల పేర్లు. శత్రువును ఆపడానికి కట్టిన గోడ దారిలోనే నేడు దేశమంతటికీ చీరలు బయలుదేరుతున్నాయి.

ఈ రోడ్డుపై వెళ్తున్నప్పుడు మరొక తెలుగు పేరు గుర్తుకు రాక మానదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరత్ విడిచిపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు చెత్త ఎత్తించి, ఆక్రమణలు తొలగించి, రోడ్లు వెడల్పు చేయించి రెండేళ్లలో నగరం రూపు మార్చారు. అధికారులను 'ఏసీ నుండి డీసీకి', అంటే చల్లని గదుల నుండి వీధిలోని రోజువారీ పనులకు మళ్లించినది ఆయనే. మా సైకిలు చార్జరు చేసే పని కూడా ఏసీని డీసీగా మార్చడమేనని గుంటూరు మిత్రుడు చమత్కరించేవాడు.

ఫ్లైఓవరు ఎక్కుడు రాగానే మేమిద్దరము అలవాటు కొద్దీ సీటుపై నుండి లేచి నిలబడి తొక్కసాగాము. మా పక్క నుండి మగ్గాల మిత్రుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే తొక్కుతూ దాటిపోయాడు. పైకి చేరి వెనుదిరిగి, "రాండ్రి, నేనీడ కూసుంటా" అని అరిచాడు. మూడేళ్ల కిందటి తన మాటనే అతను మాకు తిరిగి ఇచ్చాడు. ఆయాసంలో నవ్వడం ఎంత కష్టమో ఆనాడు తెలిసింది.

2023 మొదట్లో మేమూ ఒక బ్యాటరీ సైకిలు కొన్నాము. శ్రీమతి ఏమీ అనలేదు. మా పాత ఉపన్యాసాలన్నీ ఆమె విన్నవే కనుక అనవలసిన పని లేకపోయింది. గుంటూరు మిత్రుడు మాత్రం పాత సైకిలు వదలలేదు. అయినా ముగ్గురి వేగమూ సమానమైంది. కాళ్లలో ఎవరికి ఎంత తక్కువైతే అంత మోటారు పూరిస్తున్నది. మోసం అంటే ఏమిటని మేము అప్పుడు చాలాసేపు ఆలోచించాము. పోటీలో అయితే అది మోసమే. కాని కలిసి వెళ్లడానికి బయలుదేరినవారికి, ఒకరిని టీ బండి దగ్గర వదిలి వెళ్లడం కంటే పెద్ద మోసం ఏముంటుంది?

ధైర్యం పెరిగి, ఆ ఏడు జూనులో, వానలకు ముందు, డ్యూమస్ సముద్రతీరానికి బయలుదేరాము. ఉధనా దర్వాజా నుండి రానుపోను దాదాపు నలభై కిలోమీటర్లు. పోయేటప్పుడు నైరుతి గాలి ఎదురు. మగ్గాల మిత్రుడు మీటను చివరి అంకెకు పెట్టి హుషారుగా ముందు నడిచాడు. డ్యూమస్ నల్లని ఇసుకపై కూర్చొని వేడి భజియాలు తిన్నాము. తిరుగుదారిలో, ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా, అతని మోటారు ఆగిపోయింది. పూర్తి బలంతో ఎదురుగాలిలో పోతే కిలోమీటరుకు పదిహేను వాట్-గంటల వరకు ఖర్చవుతుంది. ఆ లెక్కన 360 ఎక్కడికి వస్తుంది? మోటారు లేని ఆ సైకిలు ఇరవై కిలోలకు పైగా బరువు. అతను దిగి, మాట్లాడకుండా నెట్టుకుంటూ నడవసాగాడు. కుంటుతున్నాడు. ఆ నడక చూసి మాకు ఆ రెండేళ్ల ఆదివారాలు మళ్లీ కళ్ల ముందు మెదిలాయి. ఇంటికి చేరితే ఇక రాడని అనిపించింది.

"సైకిళ్లు మార్చుకుందాం" అన్నాము. అతను ఒప్పుకోలేదు. గుంటూరు మిత్రుడు జేబులోంచి కాగితం తీసి, "గురువు గారు పొదుపు మనిషి, రెండో అంకె దాటలేదు. వీరి బ్యాటరీలో నూట నలభై మిగిలి ఉంటుంది. పది కిలోమీటర్లకు సరిగ్గా చాలు. మీరు నడిస్తే అది వృథా. లెక్క ఒప్పుకోదు" అన్నాడు. స్నేహానికి లొంగనివాడు లెక్కకు లొంగాడు. ఆ పది కిలోమీటర్లు ఆ మోటారు ఆగిన బరువును మేము తొక్కాము. మరునాడు మెట్లు ఎక్కుతుంటే తొడలు సాక్ష్యం చెప్పాయి. తరువాతి ఆదివారం టీ బండి దగ్గర అతను ఉన్నాడు. అప్పటి నుండి బయలుదేరే ముందు ముగ్గురికీ ఒక ఆచారం ఏర్పడింది: "ఎన్ని గీతలున్నాయి?" అని అడగడం. తెరపై బ్యాటరీ బొమ్మలోని గీతలన్నమాట.

కొనదలచిన సోదర ఉద్యోగులకు ఒక మాట. బ్యాటరీని రాత్రంతా చార్జింగులో వదిలి నిద్రపోకండి. దానితో వచ్చిన చార్జరునే వాడండి. పడకగదిలోనూ, బయటికి పోయే గుమ్మం దగ్గరా పెట్టవద్దు. వానలో తడిసినా పరవాలేదు గాని నీటిలో ముంచవద్దు. దెబ్బతిని ఉబ్బిన బ్యాటరీని చౌకగా బాగుచేయించే ప్రయత్నం వద్దే వద్దు. భద్రతా విభాగంలోని మిత్రుడు ఇవి తప్పక రాయమన్నాడు.

2024లో గుంటూరు మిత్రునికి బదిలీ అయింది. మరుసటి ఏడు మగ్గాల మిత్రుడు మగ్గాలు అల్లునికి అప్పగించి స్వగ్రామానికి, మిర్యాలగూడ వైపు, వెళ్లిపోయాడు. సైకిలును రైలులో పార్సిలు చేయించుకున్నాడు. ఇప్పుడు ఆదివారాలు మేము ఒంటరిగానే వెళ్తున్నాము.

ఒంటరిగా తిరగడంలో వేరే రుచి ఉంది. మీట ఒకటో అంకెలో ఉంటే చాలు. ఎవరి కోసమూ ఆగనక్కరలేదు, ఎవరినీ అందుకోనక్కరలేదు. కనుక ఎక్కడ పడితే అక్కడ ఆగుతాము. మార్కెట్టు అరుగులపై నిద్రలేచి పళ్లు తోముకునే హమాలీలు కనబడతారు. మెట్రో పనుల రేకుల వెనుక ఏముందోనని తొంగిచూస్తాము. చలికాలంలో బండ్లపై పోంక్ అమ్ముతారు. లేత జొన్న కంకులను కాల్చి రాల్చిన గింజలు, మన ఊచబియ్యమే. ముగ్గురము తిరిగిన రోజుల్లో మాటల్లో పడి దానిని ఎన్నడూ సరిగా చూడలేదు. ఒక్కొక్కసారి లింబాయత్ వైపు తిప్పి, ఏ పనీ లేకుండా, ఒక వీధి తెలుగు విని వస్తాము.

మొన్న ఆదివారం బయలుదేరబోతుండగా ఫోను మోగింది. అవతల గాలి హోరు. సాగరు ఎడమకాలువ గట్టుపై ఉన్నాడట.

"అన్నా, ఎన్ని గీతలున్నయి?"

"నాలుగు. నీకు?"

"మూడు. ఈడ ఫ్లైఓవర్లు లేవుగద, సాల్తయ్."