బరువుంటే కదలదా?

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లేవాళ్లకు ఇది కొత్త కాదు. ముందు జామాయిల్ దుంగల లారీ, వెనకే మన ఆటో. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చామా, వంపు వంపుకీ ఆ దుంగలు కదులుతున్నట్టే ఉంటాయి. సారపాక కాగితం మిల్లుకు కలప, మణుగూరు నుంచి బొగ్గు, ఖమ్మం ఫ్యాక్టరీలకు గ్రానైట్ బండలు... అన్నీ లారీల మీదే. "లారీల గొడవ ఆడవాళ్లకెందుకమ్మా?" అని ఒక పెద్దాయన నన్నడిగారు. ఎందుకంటే ఆ లారీ పక్కన ఆటోల్లో కూర్చునేది మనమే కదండీ!

2022 డిసెంబర్ 31న ఖమ్మం పక్కనే ఉన్న మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో లారీ మీది గ్రానైట్ బండ జారి ఆటో మీద పడింది. ముగ్గురు చనిపోయారు. 2025 జనవరి 26న వరంగల్-ఖమ్మం రోడ్డులో మామునూరు దగ్గర రైలు పట్టాల లారీ బోల్తా పడి, ఆ ఇనుమంతా ఆటోల మీద పడింది. పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీ కుటుంబాలు బలైపోయాయి.

"అంత బరువు బండ, దానంతట అదెక్కడికి పోతుంది?" ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. చదువుకున్నవాళ్లూ అంటారు. నిజానికి బరువు ఎక్కువైతే అడుగున రాపిడి పెరుగుతుంది గానీ, బ్రేకు వేసినప్పుడు ముందుకు తోసే జోరు కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. కాబట్టి బరువువల్ల ఒరిగేదేమీ లేదు. బస్సు ఆగితే మనం ముందుకు తూలుతాం, మలుపు తిరిగితే పక్కకు ఒరుగుతాం. బండకూ అదే గతి. పైగా లారీ అడుగున రాతిపొడో ఇసుకో ఉంటే, పొడిపిండి చల్లిన పీట మీద చపాతీలా జారుతుంది. అందుకే లోడు ఎక్కించే ముందు అడుగంతా ఊడ్చాలంటారు. చీపురు కట్టతో అయ్యే పని, చేసేవాళ్లు తక్కువ!

ఒక ఘనపు మీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు. మన వంటింటి నిండు గ్యాస్ సిలిండర్లు తొంభై ఒకచోట పేర్చినట్టు. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో పెట్టుకున్న లెక్క ఏమిటంటే, కట్టిన కట్టు సరుకు బరువులో 80 శాతం జోరును ముందువైపు, 50 శాతాన్ని పక్కలకీ వెనక్కీ ఆపగలగాలి. అంటే 20 టన్నుల బండ ముందుకు కదలకుండా 16 టన్నుల జోరును తట్టుకోవాలి. కింద నాలుగు చిన్నరాళ్లు అడ్డం పెట్టి, ఒక తాడు చుట్టి పంపిస్తే ఏం ఆగుతుంది? ముందు గోడకు ఆనించాలి, చెక్క దిమ్మెలు గట్టిగా బిగించాలి, గొలుసులు వేయాలి.

దుంగల సంగతి వేరు. బెరడు తీసిన జామాయిల్ నున్నగా ఉంటుంది, వానలో మరీ జారుడు. పక్కన నిలబెట్టిన గుంజల కంటే ఎత్తుగా పేరిస్తే, పైవరసను పట్టి ఉంచేది తాడొక్కటే. ఈ విద్య అడవి పల్లెల ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. కట్టెలమోపు కట్టి నెత్తిన పెట్టుకుని కాస్త దూరం నడిచాక దించి, మళ్లీ బిగిస్తారు. సారపాకలో టీ కొట్టు దగ్గర ఓ డ్రైవర్ తమ్ముడు ఇదే చెప్పాడు.

"కట్టెలు కుదురుకుంటయ్ అక్కా. పొద్దున బిగించిన తాడు పది కిలోమీటర్లు పోయేసరికి వదులైతది. దిగి మళ్లా గుంజాలె. కిరాయి చూస్తే ట్రిప్పుల లెక్క. ఎవరు దిగుతరు?"

అతన్ని తిట్టబుద్ధి కాలేదు నాకు. ఆ పది నిమిషాల ఖరీదు లోడు పంపినవాళ్లు భరించాలి గానీ, డ్రైవర్ కాదు.

చట్టం లేక కాదు. 2019 సవరణ ప్రకారం మోతాదు మించి లోడు వేస్తే 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు 2,000 జరిమానా. సరుకు బండి పక్కలకు గానీ పైకి గానీ హద్దు దాటి పొడుచుకొచ్చినా 20,000. ఇది నడిపేవాడికే కాదు, నడపనిచ్చినవాళ్లకూ వర్తిస్తుంది. లారీ మీ పేరున రిజిస్టరై ఉంటే, కాగితాల మీద సంతకం పెట్టి ఊరుకోకుండా గొలుసులు ఎన్నాళ్ల క్రితంవో అడిగి చూడండి.

ఆటోలో వెళ్తున్నప్పుడు లోడు లారీ పక్కన నడవనీయకండి. వంపుల్లో దాన్ని ముందుకు పోనిచ్చి, వెనక దూరంగా ఉండమని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి. తాడు వేలాడుతూ కనిపిస్తే నంబరు చూసుకుని 112కి ఫోన్ చేయండి.

మిర్చి ఏరే రోజుల్లో కూలీ అక్కచెల్లెళ్లు బస్తాల మీద, కట్టెల మీద కూర్చుని ఇళ్లకు చేరడం చూస్తూనే ఉంటాం. సరుకు కదిలితే ముందు పడేది వాళ్లే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు నష్టపరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి వాళ్లలో ఎంతమందికి తెలుసు? మీ చేనుకు కూలీలను పిలిపిస్తుంటే, వాళ్లు తిరిగి వెళ్లడానికి ఏ బండి మాట్లాడారో ఓసారి ఇంట్లో అడగండి.