కిరణము సోకని పొడి

లేసరు కిరణముతో పొడినుండి వస్తువులను పొరపొరగా నిర్మించు యంత్రమును చూచినవారు, కిరణము నడచిన చోటనే సమస్తమును జరుగుచున్నదని తలంతురు. కాని కిరణము సోకక మిగిలిన పొడియు ఆ యంత్రపు పెట్టెలో మాఱుచునే యుండును.

అమెరికాలోని ఆస్టిన్ నగరమున, టెక్సాస్ విశ్వవిద్యాలయమందు, కార్ల్ డెకర్డ్ అను విద్యార్థియు, ఆచార్యుడైన జో బీమనును 1980వ దశకమున రూపొందించిన ఈ పద్ధతిలో నేడు విరివిగా వాడబడునది నైలాన్ 12 అను పాలిమరు పొడి. దాని రేణువు సగటున 0.05 మిల్లీమీటరునకు కొంచెము మించును. రోలరు ఈ పొడిని 0.1 మిల్లీమీటరు మందమున పఱచును. హీటర్లు దానిని ద్రవీభవన స్థానమునకు కొంచెము దిగువగా, సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వఱకు వేడిచేయును. పిమ్మట లేసరు తాకినచోట రేణువులు కరగి, తలతన్యతచే ఒండొంటితో కలిసి, నడుమనున్న గాలిని వెడలగొట్టి యేకమగును. కరగినది తత్క్షణమే స్ఫటికీభవించినచో పొర ముడుచుకొని వంకర తిరుగును గనుక, కరగు ఉష్ణోగ్రతకును మరల గట్టిపడు ఉష్ణోగ్రతకును గల యంతరమే ఈ విద్యకు ప్రాణము.

చుట్టునున్న పొడి వస్తువునకు ఊతయై నిలుచును. కాని పెట్టెలోని పొడిలో అధికభాగము వస్తువుగా మాఱక మిగిలిపోవును. గంటల తరబడి వేడిలో నుండుటచే దాని అణుశృంఖలల కొనలయందలి అమైన్, కార్బాక్సిల్ సమూహములు పరస్పరము కలిసి, నీటి అణువును విడిచి, శృంఖలలను దీర్ఘములుగా జేయును. అట్టి పొడి కరగినను చిక్కగానుండి సులభముగా ప్రవహింపదు. దానితో చేసిన వస్తువు మేను నారింజ తొక్కవలె గరుకుదేరును. ఆక్సీకరణమును తగ్గించుటకు యంత్రమును నైట్రోజనుతో నింపుదురు గాని, ఈ శృంఖలావృద్ధి దానిచే ఆగదు. పెట్టె నడుమనున్న పొడి ఆలస్యముగా చల్లారుటచే అంచులయందలి పొడికన్న ఎక్కువగా మాఱును.

ఈ మార్పును కొలుచుట కష్టము గాదు. వేడి గొట్టములో కొంత పొడిని కరగించి, పైన నిర్ణీతమగు బరువునుంచి, అడుగు రంధ్రమునుండి 10 నిమిషములలో జాఱు ద్రవ్యమును తూతురు. తూకము తగ్గినకొలది పొడి ముదిరినట్లు లెక్క. అంతట పాతపొడికి సాధారణముగా 30 మొదలు 50 శాతము వఱకు కొత్తపొడిని చేర్చి మరల వాడుదురు. కొత్తపొడి పాలు పెరిగిన వ్యయము పెరుగును, తగ్గిన నునుపు చెడును; కావున వస్తువు యొక్క మేలిమిని నిర్ణయించుటలో లేసరు శక్తికెంత పాత్ర గలదో, ఆ పొడి అంతకుముందు అనుభవించిన వేడికిని అంత పాత్ర గలదు.