రాతిలో దాగిన రంగులు

రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట గ్రానైటు శిలలు విస్తరించిన దక్కను పీఠభూమిలో ఒక భాగం. ఈ ప్రాంతపు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బాటసారికి బూడిద రంగు రాళ్ళుగానే తోచే వీటిలో ఒక వర్ణలోకం దాగి ఉంది. దానిని కంటికి చూపేది ధ్రువిత కాంతి.

సాధారణ కాంతి తరంగాలు తాము ప్రయాణించే దిశకు లంబంగా అన్ని వైపులా కంపిస్తాయి. పోలరాయిడ్ పలక వాటిలో ఒకే దిశలోని కంపనాలను పోనిచ్చి, తక్కినవాటిని అడ్డుకొంటుంది. ఇలా వెలువడినదే ధ్రువిత కాంతి. దీని ఎదుట మరొక పలకను మొదటిదానికి లంబంగా తిప్పి ఉంచితే కాంతి ఆగిపోయి చీకటి ఏర్పడుతుంది.

ఆ రెండు పలకల నడుమ చక్కెర పలుకును ఉంచితే చీకటిలో రంగులు మెరుస్తాయి. ఉప్పు పలుకును ఉంచితే మాత్రం చీకటి చీకటిగానే మిగులుతుంది. చూపులకు రెండూ తెల్లనివే అయినా లోపలి అమరిక వేరు. ఉప్పులోని ఘనాకార అమరిక వల్ల కాంతి అన్ని దిశలలో ఒకే వేగంతో సాగుతుంది. చక్కెరలో కాంతి రెండుగా చీలి, భిన్న వేగాలతో పయనిస్తుంది. ఇదే ద్వివక్రీభవనం. రెండవ పలకను దాటినపుడు ఆ రెండు భాగాలు కలిసి, కొన్ని రంగులు నశిస్తాయి, కొన్ని ప్రకాశిస్తాయి. ఏ రంగు నిలుస్తుందో స్ఫటికపు మందాన్ని బట్టి మారుతుంది.

స్ఫటికాల సౌష్ఠవాన్ని లోతుగా పరిశోధించిన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం. 1931లో ఆయన సి.వి. రామన్‌తో కలిసి, పరిక్షేపిత కాంతిలోని ధ్రువణాన్ని పరిశీలించి, కాంతి కణానికి భ్రమణ స్వభావం ఉన్నదనడానికి ప్రయోగ నిదర్శనం చూపారు.

ఈ సూత్రమే ఛాయాచిత్రకళకు కొత్త ద్వారం తెరిచింది. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని గాజు పలకపై పలుచగా పూసి ఆరనిస్తే స్ఫటికాలు ఏర్పడతాయి. వాటిని రెండు పోలరాయిడ్ పలకల నడుమ ఉంచి, మాక్రో కటకంతో చిత్రిస్తే ఈకలు, విసనకర్రలు, అలలు వంటి ఆకృతులు దర్శనమిస్తాయి. అందులో చిత్రకారుడు పూసిన రంగు ఒక్కటీ ఉండదు.

కళాకారునికి అందమైనది శాస్త్రజ్ఞునికి ఆధారం. గ్రానైటును 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, ధ్రువణ సూక్ష్మదర్శినిలో చూస్తారు. క్వార్ట్జ్ బూడిద, తెలుపు ఛాయలతోను, ఒక రకం ఫెల్డ్‌స్పార్ గళ్ళ వస్త్రంలాగాను కనిపిస్తాయి. ఆ గుర్తుల నుండి శిల పుట్టుకను, అది పొందిన మార్పులను తెలుసుకొంటారు.

నగరం పెరిగేకొద్దీ ఇటువంటి శిలలు ఎన్నో కంకరగా మారుతున్నాయి. పగులగొట్టిన శిలను తిరిగి నిలబెట్టలేము. విలువ లేనిదని తోసివేసే ముందు, సరైన వెలుగులో చూశామా అని ప్రశ్నించుకోవడం వివేకం.