గాజు తొట్టిలో సముద్రం

అక్వేరియం అనగానే మన కళ్ళముందు బంగారు చేపలు తిరుగాడే గాజు గిన్నె మెదులుతుంది. అది మంచినీటి అక్వేరియం. సముద్రపు చేపల సంగతి వేరు. వాటి రంగులను ఒకసారి చూచిన విద్యార్థికి తన కళాశాల ప్రయోగశాలలోనూ అటువంటి తొట్టి ఒకటి ఉంటే బాగుండునని తోచడం సహజం. మన విద్యార్థుల నోట ఈ కోరిక తరచుగా వినవస్తున్నది. తీర్చుకోదగిన కోరికే. అయితే రోడ్డు దారిన సముద్రానికి 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, రాతినేల మీద ఉన్న శామీర్‌పేటలో సముద్రాన్ని నిలుపుకోవడమంటే ఏమిటో విద్యార్థులూ, కళాశాల సంఘంవారూ ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

మన పెద్దచెరువులోని బొచ్చెనో, కొర్రమేనునో ఉప్పునీటిలో విడిచిపెడితే అది ఎందుకు బ్రతకదు? చేప రక్తంలోని లవణాల గాఢత సముద్రపు నీటిలో ఉన్నదానికి సుమారు మూడవ వంతు. పలుచని పొరకు ఇరువైపులా రెండు ద్రావణాలున్నప్పుడు పలుచని ద్రావణం నుండి చిక్కని ద్రావణంలోకి నీరు ప్రవహిస్తుందని మనం చదువుకున్నదే. చెరువు చేప ఒంటిలోకి నీరు నిరంతరం చొరబడుతుంది; అందుచేత అది నీరు త్రాగదు, లోపలికి వచ్చిన నీటిని మూత్రంగా విసర్జిస్తుంది. సముద్రపు చేప స్థితి దీనికి విరుద్ధం. దాని ఒంటిలోని నీరు అదేపనిగా బయటికి పోతుంది. అది నీటిలో ఉండి కూడా దాహంతో ఉండే ప్రాణి. ఉప్పునీటిని త్రాగి, అధికమైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెట్టివేస్తుంది. బంగాళాఖాతంలో విలసగా ఉండి, వరద గోదావరికి ఎదురీది పులస అనిపించుకొనే చేప ఈ రెండు విద్యలూ నేర్చింది. తక్కిన వాటిలో అధికభాగానికి ఆ విద్య లేదు. కనుక తొట్టిలోని ఉప్పు హెచ్చుతగ్గులు కాకుండా చూడడమే ఈ పనిలో మొదటి పాఠం.

తీరం నుండి నీరు తెప్పించుకోరాదా అని కొందరు అడుగుతారు. వానకాలంలో కృష్ణా గోదావరుల వరదనీరు కలిసి మన తీరపు నీటిలో ఉప్పు పడిపోతుంది. రేవుల దగ్గర మురికి సరేసరి. ఇంతకూ ఆ అవసరం లేదు. ఇంగ్లండుకు చెందిన ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు, 'అక్వేరియం' అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు, సముద్రపు నీటిని తయారుచేసుకొనే పద్ధతిని 1854లోనే ప్రకటించాడు. మనం వంటలో వాడే ఉప్పు మాత్రం ఇందుకు చాలదు. సముద్రంలో సోడియం, క్లోరైడులతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్లు కూడా నిర్ణీత పాళ్ళలో ఉన్నాయి. అన్నీ కలిపిన సముద్ర లవణం అక్వేరియం దుకాణాలలో దొరుకుతుంది, దానినే కొనాలి. లీటరుకు సుమారు 36 గ్రాముల చొప్పున 100 లీటర్లకు 3.6 కిలోలు పడుతుంది. బోరు నీరు పనికిరాదు. మన రాతి పొరలలో ఊరిన నీటిలో ఏయే లవణాలు ఎంతెంత కలిసి ఉన్నాయో బోరు బోరుకూ మారుతుంది. ఊరూరా నీటి ప్లాంట్లలో నింపే 20 లీటర్ల క్యాన్లు ఐదు తెచ్చుకుంటే లెక్క సరిపోతుంది. ఉప్పును ప్లాస్టిక్ డ్రమ్ములో ముందురోజే కలిపి, గాలి బుడగలు పోనిస్తూ ఉంచాలి. పాలను పరీక్షించే లాక్టోమీటరు వంటి హైడ్రోమీటరుతో చూస్తే విశిష్ట సాంద్రత 1.023కు, 1.025కు మధ్య ఉండాలి.

తొట్టి విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 75 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్నదానిలో సుమారు 100 లీటర్లు నిలుస్తాయి. రాళ్ళు, గాజుతో కలిసి బరువు 130 కిలోలు దాటుతుంది గనుక మామూలు బల్ల మీద పెట్టరాదు. అంతకంటే చిన్న తొట్టి తేలిక అనుకోవడం భ్రమ. నీరు ఎంత తక్కువైతే అందులో మార్పు అంత తొందరగా వస్తుంది.

ఇక అసలు సంగతి. నీరు సిద్ధమైన మరునాడే చేపలను విడిచిపెట్టాలనే ఆత్రమే చాలా తొట్లకు చేటు తెస్తున్నది. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. చేనులో మాదిరిగానే తొట్టిలోనూ నత్రజని చక్రం తిరగాలి: ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి, మరొక జాతి దానిని నైట్రేటుగా మారుస్తుంది. మట్టిలో జరిగే ఈ పనిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. తొట్టిలో ఈ జీవులు రాళ్ళమీద, ఇసుకలో, వడపోతలోని పింగాణీ ముక్కలమీద కాపురం పెట్టడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8.2 వరకు ఉంటుంది. ఇంత క్షారగుణం గల నీటిలో అమ్మోనియా మంచినీటిలో కంటే ఎక్కువ విషపూరితమవుతుంది. అందుచేత ఇక్కడ తొందరపాటుకు క్షమాపణ లేదు.

చేపలను బలి పెట్టకుండానే ఈ చక్రాన్ని ప్రారంభించవచ్చు. గిన్నెలకు కళాయి వేసేవారు వాడే నవాసారం, ఉర్దూలో నౌషాదర్, అమ్మోనియం క్లోరైడే. బజారు సరుకు శుద్ధం కాదు కనుక రసాయన ప్రయోగశాల సీసాలోనిది తీసుకోవాలి. 100 లీటర్లకు అర గ్రాము పైచిలుకు వేసి, రంగు మారే పరీక్షా ద్రావణాలతో రెండు రోజులకొకసారి చూస్తూ ఉండాలి. మొదట అమ్మోనియా, తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతాయి. మళ్ళీ వేసిన నవాసారం ఒక్క రోజులో మాయమై, నైట్రైటు కూడా కనిపించకపోతే తొట్టి సిద్ధమైనట్లే.

మన వేసవి మరొక పరీక్ష. ఈ చేపలకు 24 నుండి 27 డిగ్రీల వేడి హాయి. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. మట్టికుండ నీటిని చల్లబరిచే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: నీటి ఉపరితలం మీదుగా ఫ్యాను గాలి వీస్తే ఆవిరితోపాటు వేడి పోతుంది. అయితే ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. తగ్గిన మేరకు ప్రతిరోజూ మంచినీటినే కలపాలి. ఉప్పునీరు కలిపితే తొట్టి నానాటికీ చిక్కబడుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండకు ఫ్యాను చాలకపోతే శీతల యంత్రం తప్పదు. కరెంటు పోయినప్పుడు గాలి ఆడడానికి బ్యాటరీ పంపు ఉండి తీరాలి.

ఆరంభకులు పెంచదగినది నారింజ రంగు మీద తెల్లని పట్టీలు గల క్లౌన్ చేప. 100 లీటర్లకు ఒక జంట చాలు. గుడ్డు నుండి వెలువడిన ప్రతి క్లౌన్ చేప మొదట మగదే. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. మంచినీటి అలంకార చేపలలో చాలా భాగం చెరువులలో పెంచినవి కాగా, సముద్రపు జాతులలో అధికభాగం పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. కొన్ని దేశాలలో సైనైడు చల్లి, మత్తెక్కించి పట్టిన చరిత్ర కూడా ఉన్నది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపలను నిర్బంధంలోనే పుట్టించి పెంచే పద్ధతులను రూపొందించారు. కాబట్టి పెంపకపు చేపనే అడిగి తీసుకోవాలి. అమ్మేవాడు చెప్పలేకపోతే కొనకుండా రావాలి. పగడాలను, సముద్రపు గుర్రాలను అసలు కోరరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో వీటిని 2001లో చేర్చారు. దుకాణంలో కనిపించినంత మాత్రాన అవి చట్టబద్ధం కావు. ఎవరిదో అమానతు మన గదిలో ఉన్నదనుకుంటే ఈ కట్టుబాట్లు బరువనిపించవు.

తెచ్చిన చేపను సంచితో సహా తొట్టి నీటిలో తేలనిచ్చి, తొట్టి నీటిని గంటసేపు కొద్దికొద్దిగా సంచిలో కలిపిన తరువాతనే వదలాలి. మేత రెండు నిమిషాలలో తిని ముగించేంతే. నైట్రేటు పేరుకోకుండా వారానికి 10 లీటర్లు తీసి, కొత్త ఉప్పునీరు పోయాలి.

కళాశాల సంఘంవారు ఆలోచించవలసినది తొట్టి ధరను గురించి కాదు. కళాశాల మూతపడే వేసవి సెలవులలోనే నీరు ఎక్కువ ఆవిరవుతుంది, అప్పుడే చేపకు మనిషి అవసరం ఎక్కువ. ఆ రోజులలో గది తాళంచెవి ఎవరి వద్ద ఉంటుందో, రోజూ నీరు కలిపేదెవరో పేర్లతో సహా వ్రాసుకున్న పిమ్మటనే తొట్టి కొనాలి. జూన్ చివర నీరు నింపితే వానకాలపు చల్లదనంలో ఆగస్టు రెండవ వారానికి సిద్ధమవుతుంది. అంతవరకు ఈ ఖాళీ తొట్టిలో ఏమున్నదని అడిగేవారికి చూపడానికి పరీక్షనాళికలోని రంగు తప్ప మరేమీ ఉండదు.