గృహిణియు వీలునామాయు

మన గృహిణులు ఇంటిలోని పప్పుదినుసుల లెక్క చక్కగా నెఱుగుదురు. పాలవాని బాకీ, పిల్లల చదువునకగు వ్యయము, పండుగల ఖర్చు వారికి కంఠస్థముగా నుండును. కాని యింటి దస్తావేజు ఎవరి పేర నున్నది, భర్త చేసిన బీమా యెంత, తమ నగలును తమ పేరి సొమ్మును తమ యనంతరము ఎవరికి చెందును అని యడిగినచో, పలువురు సమాధానము చెప్పజాలరు. వీలునామా యను మాట వినుటయే అశుభమని తలంచువారు నేటికిని కలరు. వ్రాసినంతమాత్రమున ఆయువు తగ్గదు, వ్రాయనందున పెరుగదు. వ్రాయనిచో ఆస్తి మన మనస్సున నున్నవారికి గాక, చట్టము చూపినవారికి పోవును.

వీలునామా వ్రాయుట పురుషుల పనియని మనలో నొక భావము కలదు. నిజమునకు హిందూ స్త్రీకే దాని యవసర మెక్కువ. ఏలయన, 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము పురుషుని యాస్తికి ఒక దారియు, స్త్రీ యాస్తికి వేఱొక దారియు చూపినది. పురుషుడు వీలునామా లేక మరణించినచో తల్లి, భార్య, కుమారులు, కుమార్తెలు సమానముగా వాటాలు పొందుదురు. స్త్రీ మరణించినచో ముందుగా భర్తయు బిడ్డలును పొందుదురు. వారెవ్వరును లేనిచో ఆస్తి భర్తవైపు వారసులకు పోవును. ఆమెను కన్న తల్లిదండ్రుల వంతు వారి తరువాతనే. తల్లిదండ్రులనుండి వారసత్వముగా వచ్చిన యాస్తికి మాత్రము మినహాయింపు కలదు. బిడ్డలు గాని, గతించిన బిడ్డల సంతానము గాని లేనిచో అది తండ్రి వారసులకు చేరును. ఉద్యోగము చేసి కూడబెట్టిన సొమ్మునకును, కొనుక్కొన్న యింటికిని ఈ మినహాయింపు లేదు.

2009లో సుప్రీంకోర్టు తీర్చిన యొక వ్యాజ్యమును వినుడు. ఒక యామెకు 1955లో వివాహమయ్యెను. మూడు నెలలకే భర్త పాముకాటున మరణించెను. అత్తవారు వెడలగొట్టగా ఆమె పుట్టింటికి చేరినది. తల్లిదండ్రులు చదివించిరి; ఆమె ఉద్యోగము సంపాదించుకొని, తన కష్టముతో జీవించి, 1996లో మరణించినది. బ్యాంకులలో సొమ్మును, ప్రావిడెంటు ఫండును మిగిల్చినది గాని, వీలునామా వ్రాయలేదు. తల్లి కోర్టు నాశ్రయింపగా, భర్తయొక్క సోదరి కుమారులు వచ్చి హక్కు తమదనిరి. ఆమె పడిన కష్టమును న్యాయమూర్తులు గుర్తించిరి. కాని జాలిని బట్టి చట్టము మాఱదనిరి. సొమ్ము భర్తవైపు వారికే చెందెను. ఒక్క కాగితమును, రెండు సాక్షి సంతకములును ఉన్నచో ఆ ఫలితము వేఱుగా నుండెడిది.

బ్యాంకులో నామినీ పేరు వ్రాయించితిమి, ఇక చింత లేదని కొందఱందురు. నామినీ యనగా సొమ్మును పుచ్చుకొని, హక్కుగల వారసులకు అప్పగింపవలసినవాడు. అంతమాత్రమున యజమాని కాడు. 2010లో బ్యాంకు సొమ్ము విషయమునను, 2023లో కంపెనీ వాటాల విషయమునను సుప్రీంకోర్టు ఈ మాటనే చెప్పినది. 2025 నవంబరు 1వ తేదీనుండి బ్యాంకు ఖాతాకు నలుగురివఱకు నామినీలను వ్రాయవచ్చును. నామినీ పేరును, వీలునామాలోని పేరును ఒకటిగా నుండునట్లు చూచుకొనుట మేలు.

బీమా విషయమున మఱియొక మార్గము కలదు. భర్త తన ప్రాణముపై బీమా చేయునపుడే, 1874నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము క్రింద భార్యాబిడ్డల మేలునకై వ్రాయించినచో, ఋణదాతలను మోసగింపవలెనను తలంపు లేనంతవఱకు, ఆ సొమ్ము అప్పులవారికి చిక్కదు. వ్యాపారము చేయువారి యిండ్లలో ఇది మఱవరానిది.

వీలునామా వ్రాయుట కష్టము కాదు. తెల్లకాగితము చాలును; స్టాంపు అక్కఱలేదు. తెలుగులో, స్వహస్తముతోనే వ్రాయవచ్చును. వ్రాసిన యామె సంతకము చేయుచుండగా ఇద్దరు సాక్షులు చూచి, ఆమె యెదుటనే తామును సంతకము చేయవలెను. ఆస్తి పొందువారిని సాక్షులుగా పెట్టకుండుట మంచిది. రిజిస్టరు చేయించుట విధి కాదు; చేయించినచో వివాదములు తగ్గును. బ్రదికియున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును. చివర వ్రాసినదే చెల్లును గనుక తేదీ తప్పక వేయవలెను. ముస్లిము కుటుంబములలో వారసుల సమ్మతి లేక మూడవ వంతునకు మించి వీలునామా చెల్లదు.

ఎవరైనను తమ స్వార్జితమును, ఉమ్మడి యాస్తిలోని తమ వాటాను మాత్రమే వ్రాయగలరు. అందు కుమార్తె వాటాయు కలదు. అప్పటికి వివాహము కాని కుమార్తెలకు 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశము 1986లో చట్టము చేసి, కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005లో దేశమంతటను వివాహితలకు సైతము అది లభించినది. పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా యని కుమార్తె వాటాను కాదనుటకు వీలులేదు.

చివరగా ఇంటనొక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. పొలము, ఇల్లు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు, చీటీలు, లాకరులోని నగలు, ఇచ్చిన అప్పులు, తెచ్చిన అప్పులు, కాగితములున్న చోటు అన్నియు అందు వ్రాయవలెను. పది సంవత్సరములు ఎవరును అడుగని బ్యాంకు సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరును. హక్కుదారులు తరువాత నైనను పొందవచ్చును గాని, ఆ ఖాతా ఉన్నదని తెలియనివారు ఏమని యడుగగలరు?

సోదరీమణులారా! కూతునకు నగ యీయదలచినచో నలుగురి యెదుట తూచి యిత్తుము. మనము లేని దినమున మన తలంపును తెలియజెప్పుటకు మాత్రము కాగితము తప్ప వేఱు నోరు లేదు. భార్యాభర్త లిరువురును కూర్చుండి, ఎవరి వీలునామాను వారు వేర్వేరుగా వ్రాసికొనుట బిడ్డలకు చేయు మేలు.