వెనక్కి తిరిగే గంట

మలేసియాలోని క్లాంగ్ రేవుకి ఆదివారం లేదు. వెస్ట్‌పోర్ట్స్, నార్త్‌పోర్ట్ టెర్మినళ్లలో క్రేన్లు రాత్రీ పగలూ ఆడుతూనే ఉంటాయి. ఇక్కడి ఒక ఫార్వర్డింగ్ ఏజెన్సీలో డేటాబేస్ చూసుకోవడం నా పని. బుకింగులు, కస్టమ్స్ పత్రాలు, బిల్లులు అన్నీ అందులోనే.

"బాగానే నడుస్తోందిగా, ఎందుకు కదిలించడం?" అని ఆఫీసులో అడుగుతారు. మా డేటాబేస్ నడిచే మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్‌కి 2023 అక్టోబరుతో మద్దతు ఆగిపోయింది. ఇప్పుడేదైనా లోపం బయటపడితే సరిచేసి పంపేవాళ్లు లేరు. 8.0 గడువు కూడా 2026 ఏప్రిల్ వరకే. అందుకని 8.4కి వెళ్లాలి. నేరుగా దూకడం కుదరదు, మధ్యలో 8.0 మీద ఆగాల్సిందే.

ముందు అసలు డేటాకి నకలు తీసి, దాని మీద మార్చి చూస్తాను. మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని అప్‌గ్రేడ్ చెకర్ టేబుళ్లలోని చిక్కులు చాలావరకు చెబుతుంది. మన ప్రోగ్రాములు పంపే క్వెరీల సంగతి దానికి తెలియదు. ఉదాహరణకి 5.7లో 'గ్రూప్ బై' అంటే ఫలితం వరసలో వచ్చేది. 8.0లో 'ఆర్డర్ బై' రాయకపోతే వరసకి హామీ లేదు. పాత పాస్‌వర్డ్ పద్ధతిని 8.4 మామూలుగా ఆపేసి ఉంచుతుంది కాబట్టి పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లోపలికే రాలేకపోవచ్చు. అందుకే నెలాఖరు రిపోర్టులన్నీ నకలు మీద ఆడించి, పాతవాటితో పోల్చుకుంటాను.

రోజు ఎంచుకోవడంలోనూ చిక్కుంది. హరి రాయ (రంజాన్ పండగ) సెలవులు అనువుగా కనిపిస్తాయి. కానీ ఏదైనా చెడితే ఫోనెత్తడానికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనిషుండడు. మామూలు శనివారం రాత్రే నయం.

ప్లానులో నేను ఎక్కువసేపు ఆలోచించేది తిరుగుదారి గురించి. 8.0 ఒకసారి డేటాని తన పద్ధతిలోకి మార్చుకుందంటే మళ్లీ 5.7 దాన్ని తెరవలేదు. ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దిక్కు. మార్పు తర్వాత ఒక్క కొత్త బుకింగ్ పడినా ఆ బ్యాకప్‌లో అది ఉండదు. అంటే తిరుగుదారి మూసుకునేది సర్వర్ లేచినప్పుడు కాదు, జనాన్ని లోపలికి రానిచ్చినప్పుడు.

కాబట్టి లెక్క వెనకనుంచి కడతాను. పొద్దున ఆరింటికి సిస్టమ్ తెరవాలి, బ్యాకప్ ఎక్కించడానికి రెండు గంటలు పడుతుందనుకుంటే నాలుగింటికి తేల్చుకోవాలి. అప్పటికి పరీక్షలన్నీ నెగ్గకపోతే పాతదానికే వెళ్తాం. "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అనే మాట ఆ వేళ ప్రతివాళ్ల నోటా వస్తుంది. అందుకే ఆ గంటా, నిర్ణయం చెప్పే మనిషి పేరూ ముందురోజే కాగితం మీద రాసి, మేనేజరు చేత సంతకం పెట్టిస్తాను.